అద్దె భారం - ‘రహన్’ ప్రలోభం

హైదరాబాదులోని టోలీచౌకి, మెహదీపట్నం వీధుల్లో ‘టు-లెట్’ బోర్డు కనిపిస్తే మన కుటుంబాలు ఆశగా ఆగుతాయి. ఇటు పాతబస్తీలోని బంధువులకూ, అటు గచ్చిబౌలిలోని ఉద్యోగాలకూ మధ్యనున్న ప్రాంతాలివి. మసీదు, మద్రసా, హలాల్ మాంసం దుకాణం అన్నీ చేరువలోనే ఉంటాయి. పైగా పేరు వినగానే ‘ఇల్లు ఇవ్వం’ అన్న జవాబు మనలో చాలామందికి అనుభవమే. అందుకే అందరం ఆ కొన్ని పేటల్లోనే వెతుకుతాం. కోరేవారు ఎక్కువై అద్దె పెరుగుతుంది.

ఉదాహరణకు, 40,000 రూపాయల ఆదాయం గల ఇంట అద్దె 15,000, మెయింటెనెన్స్ 2,000 అనుకుందాం. మిగిలేది 23,000. ఇంట్లో అడుగుపెట్టేనాటికి రెండు నెలల అడ్వాన్సు, మొదటి నెల అద్దె, బ్రోకరుకు ఒక నెల అద్దె కలిపి 60,000 చేతిలో ఉండాలి.

ఈ ఒత్తిడిలోనే ‘రహన్’ ఇల్లు మనల్ని ఆకర్షిస్తుంది. యజమానికి కొన్ని లక్షలిచ్చి, అద్దె లేకుండా నివసించి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగి తీసుకోవడమే ఈ పద్ధతి. పైకి ఇరువురికీ లాభమే. కాని ఆ సొమ్ము అప్పు. అప్పుకు బదులుగా పొందే నివాసం వడ్డీయేనని పలువురు ఉలమాలు హెచ్చరించారు. అల్ బఖరా సూరా వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి, వడ్డీని నిషేధించింది. ఇహలోకపు నష్టమూ ఉంది. యజమాని ఆ డబ్బు ఖర్చు చేసేస్తే, మన జీవితకాలపు పొదుపు చిక్కుబడిపోతుంది.

మరి మార్గమేమిటి? అదే సూరా 282వ ఆయత్ అప్పు వ్యవహారాలను వ్రాసుకోమని ఆదేశిస్తోంది. అడ్వాన్సు కూడా యజమాని తిరిగి చెల్లించవలసిన సొమ్మే. కనుక దానికి రసీదు, అద్దె పెంపు, మరమ్మతుల కోతలు ముందే కాగితంపై ఉండాలి. ఏడాది మించిన లీజుకు 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 11 నెలల ఒప్పందాల వాడుకకు కారణమిదే. గడువు చిన్నదైనా షరతులు స్పష్టంగా ఉండాలి.

యజమానులైన సోదరులకూ ఒక మనవి. 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించిన డిపాజిట్ వద్దంటోంది. ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి గడువివ్వమని ఖుర్ఆన్ బోధిస్తోంది. ఉపాధి కోల్పోయిన కిరాయిదారుకు ఒక నెల వ్యవధి ఇవ్వడం ఆ బోధకు ఆచరణే.

మస్జిద్ కమిటీలు, బైతుల్‌మాల్‌లు అడ్వాన్సు కోసం ఖర్జె హసనా ఇవ్వగలిగితే, ఖాళీ చేసిననాడు అదే సొమ్ము తిరిగివచ్చి మరో కుటుంబానికి ఉపయోగపడుతుంది. అప్పుడు ఇల్లు దొరకడం కోసం వడ్డీ గడప తొక్కవలసిన అగత్యం మనలో ఎవరికీ ఉండదు, ఇన్ షా అల్లాహ్.