ఇన్సులిన్ సూది – అలవాటా, అవసరమా?

అన్నం, జొన్నరొట్టె, గంజి – ఏది తిన్నా కడుపులో అరిగి చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర రక్తంలో కలుస్తుంది. పొయ్యికి కట్టెలు ఎలాగో, కండలకు చక్కెర అలాగ.

అయితే రక్తంలోని చక్కెర కండలోకి దానంతట అది పోలేదు. తలుపు తీసేవాళ్లు కావాలి. ఆ పని ఇన్సులిన్‌ది. కడుపు వెనక క్లోమం అనే అవయవం ఉంది. ఇన్సులిన్ అక్కడే ఊరుతుంది.

ఇది లేకపోతే రక్తం నిండా చక్కెర ఉన్నా కండలకు పస్తే. ఎంత తిన్నా మనిషి చిక్కిపోతాడు. ఎక్కువైన చక్కెర మూత్రంలో పోతుంది. వెంట నీళ్లనూ లాక్కుపోతుంది. అందుకే మాటిమాటికీ మూత్రం, తీరని దాహం.

పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇన్సులిన్ ఊరుతుంది గానీ సరిగా పని చెయ్యదు. నడక, మితమైన తిండి, మాత్రలతో చాలామందికి జబ్బు అదుపులో ఉంటుంది. కొందరికి సూది కూడా కావాలి. కొందరు పిల్లలకు ఇన్సులిన్ దాదాపు ఊరదు. వాళ్లకు సూదే ప్రాణం.

వెనకటి రోజుల్లో అలాంటి పిల్లలు బతికేవాళ్లు కాదు. తిండి బాగా తగ్గించి, డాక్టర్లు కొన్నాళ్లు నిలబెట్టేవాళ్లు, అంతే. 1922 జనవరిలో కెనడా దేశంలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి ఇన్సులిన్ సూది వేశారు. పశువుల క్లోమం నుంచి తీసిన మందు అది. మొదటి సూది సరిగా పని చెయ్యలేదు. మందును ఇంకా శుద్ధి చేసి, 12 రోజుల తర్వాత మళ్లీ వేశారు. చక్కెర దిగింది! ఆ అబ్బాయి ఇంకో 13 ఏళ్లు బతికాడు.

"సూది మొదలుపెడితే అలవాటైపోతుంది" అని కొందరు భయపడతారు. ఇదేమన్నా సారానా, అలవాటు కావడానికి? ఒంట్లో ఊరాల్సింది ఊరడం లేదు, బయటినుంచి ఇస్తున్నారు. ఎవరో పసరు మందు ఇచ్చారని ఇలాంటి పిల్లలకు సూది మానిపిస్తే కొద్దిరోజుల్లోనే వాంతులు, ఆయాసం వస్తాయి. ప్రాణం మీదికి వస్తుంది.

సూది వేసుకుని అన్నం మానినా చిక్కే. చక్కెర మరీ పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇంట్లో ఫ్రిజ్ లేదా? వాడుతున్న మందు సీసాను నీళ్లు చొరబడని డబ్బాలో పెట్టి, నీడపట్టున మట్టికుండలో ఉంచాలి. కుండ పైభాగం తడిగుడ్డతో చుట్టాలి. మామూలుగా, తెరిచిన సీసాను నాలుగు వారాలు దాటాక వాడకూడదు. గడ్డకట్టిన మందు పనికిరాదు.