వార్తల్లో పదం: ఇగ్రా

క్షయ బ్యాక్టీరియా ఒంట్లోకి చేరిందో లేదో రక్తం ద్వారా తెలిపే పరీక్ష ఇది. పూర్తి పేరు ఇంటర్‌ఫెరాన్ గామా రిలీజ్ అస్సే.

బ్యాక్టీరియాను మన రోగనిరోధక కణాలు ఎక్కువగా దాని ప్రొటీన్లను బట్టి గుర్తుపడతాయి. ఆ ఆనవాళ్లే యాంటిజెన్లు. క్షయ బ్యాక్టీరియా ప్రొటీన్లలో చాలావరకు బీసీజీ టీకాలోనూ ఉంటాయి. అందుకే చేతి చర్మం పొరల్లోకి సూదితో చేసే మాంటూ క్షయ పరీక్ష టీకా వేయించుకున్న వారిలోనూ ఒక్కోసారి పాజిటివ్ వస్తుంది. 1990ల్లో జన్యు పరిశోధన ఈ చిక్కును తప్పించే దారి చూపింది. క్షయ బ్యాక్టీరియాలో ఉండి, బీసీజీలో లేని ఆర్‌డీ1 అనే జన్యుభాగం బయటపడింది. ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 యాంటిజెన్లు అక్కడివే.

ఇగ్రాలో ఒక రకమైన క్వాంటిఫెరాన్ పరీక్షకు ఈ యాంటిజెన్లున్న ట్యూబులో 1 మిల్లీలీటరు రక్తం తీసుకుని, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద 16-24 గంటలు ఉంచుతారు. క్షయ బ్యాక్టీరియాను ఇదివరకే ఎదుర్కొన్న టి-కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి. దాని మోతాదును కొలుస్తారు.

అయితే నిద్రాణంగా ఉన్న ఇన్‌ఫెక్షన్‌కూ, చురుగ్గా ఉన్న జబ్బుకూ తేడాను ఇగ్రా చెప్పలేదు. ఆ తేడా పట్టిచ్చే యాంటిజెన్ల కోసమే ఇప్పుడు అన్వేషణ. ఇక ఇగ్రాకు భిన్నంగా, క్షయ నిర్ధారణకు రక్తంలో యాంటీబాడీలు చూసే కిట్లు తప్పుడు ఫలితాలిస్తున్నాయని భారత్ 2012లోనే వాటిని నిషేధించింది.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే రక్తపరీక్షతో సరిపెట్టుకోవద్దు. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేసే కఫం పరీక్ష చేయించుకోండి.