మీకు తెలుసా? జర్మన్ ముద్ర ఉన్న ఊళ్లు

వరుసగా మూడు రోజులు సెలవులొస్తే జంషెడ్‌పూర్ నుంచి కారు తీయండి. ముందు సొంత ఊరినే తనివితీరా చూడాలి. బెర్లిన్‌లో పుట్టి, నాజీల కారణంగా 1933లో దేశం విడిచిన ఆర్కిటెక్ట్ ఒటో కోనిగ్స్‌బెర్గర్, మైసూరు సంస్థానంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఈ ఊరి విస్తరణకు ప్రణాళిక గీశారు. బడీ బజారూ నడకదూరంలో ఉండే పేటలు కావాలన్నది ఆయన పట్టుదల. ఎంత మంచి ఆలోచన!

1954 నుంచి టెల్కో సంస్థ ఇక్కడే జర్మన్ కంపెనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు తయారుచేసింది.

పడమరగా వెళ్తే రూర్కెలా. అక్కడి ఉక్కు కర్మాగారం పశ్చిమ జర్మనీ సాయంతో లేచింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. అటునుంచి భువనేశ్వర్ వెళ్లండి. 1948లో ఆ కొత్త రాజధాని నమూనా గీసిందీ కోనిగ్స్‌బెర్గరే.