నర్సింగ్ చదువులో దివ్యాంగులు

బీఎస్సీ నర్సింగ్ సీట్లలో 5 శాతం దివ్యాంగులకు కేటాయించాలని భారత నర్సింగ్ మండలి నిబంధన. వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు కూడా ఉంది. అయితే ఆ సీట్లకు అర్హులు కాళ్లకు సంబంధించిన వైకల్యం 40 నుంచి 50 శాతం ఉన్నవారు మాత్రమే. ప్రభుత్వ మెడికల్ బోర్డు అధికారం ఇచ్చిన వైద్యుడు, ఒక నర్సింగ్ నిపుణుడు ఉన్న కమిటీ దాన్ని నిర్ధారిస్తుంది. రాజపాళయం దగ్గరి మంసాపురంలో ప్లస్ టూ ముగించి తమిళనాడు కౌన్సెలింగ్‌కు దరఖాస్తు పెట్టే విద్యార్థికైనా, గుంటూరు, వరంగల్ విద్యార్థికైనా కొలత ఇదే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలంది. అవసరమైన సర్దుబాట్లు చేయకపోవడం కూడా వివక్షేనని చెప్పింది. వినికిడి తక్కువైనవారిని, చేతికి లోపం ఉన్నవారిని నర్సింగ్ నిబంధన ఆ కోటాలోకి రానివ్వడం లేదు.

ఈ కట్టడికి చెప్పే కారణం రోగి భద్రత. అది కొట్టిపారేయదగ్గది కాదు. కానీ భద్రతను పనిని బట్టి చూడాలి. బీపీ చూసేటప్పుడు కఫ్‌లో గాలి వదులుతూ, నాడి శబ్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో స్టెతస్కోప్‌లో వినాలి. వినికిడి తక్కువైన నర్సుకు శబ్దాన్ని పెంచే ఎలక్ట్రానిక్ స్టెతస్కోప్ ఉంది. కొన్ని రకాలు ఆ శబ్దాన్ని తెర మీద గీతగా చూపిస్తాయి. కదలలేని రోగిని పక్కకు తిప్పడం ఎలాగూ ఒంటరిగా చేసే పని కాదు. ఇద్దరు కలిసి రోగి కింద పరిచిన డ్రా షీట్ పట్టుకుని తిప్పాలి. టీకాలు, ఇన్‌ఫెక్షన్ నియంత్రణ, కౌన్సెలింగ్, బోధన వంటి విభాగాల్లో బరువులెత్తే అవసరం తక్కువ.

ఇలా చేసి చూపినవారున్నారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడక కోల్పోయారు. చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. అక్కడి పునరావాస కేంద్రాన్ని తీర్చిదిద్దారు. న్యూయార్క్ నర్సు ఆండ్రియా డాల్జెల్ చక్రాల కుర్చీలోనే 2020 కోవిడ్ రోజుల్లో రోగులకు సేవ చేశారు.

వైకల్యం శాతం ఒక్కటే చూసి ఎంబీబీఎస్ సీటు నిరాకరించకూడదని, విద్యార్థి ఆ చదువు చదవగలడో లేదో బోర్డు పరిశీలించాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. రెండు చేతులూ లోపం లేకుండా ఉండాలన్న షరతును 2025 ఫిబ్రవరిలో తప్పుపట్టింది. ఈ తీర్పులు వైద్య విద్యకు సంబంధించినవే అయినా, వాటిలోని న్యాయం నర్సింగ్‌కూ సరిపోతుంది.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించరాదని, పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలని 2016 చట్టం చెబుతోంది. చేరిన తరవాత ఇచ్చే ఆ రక్షణ చేరకముందూ దక్కాలి. నర్సింగ్ మండలి శాతాల లెక్క పక్కనపెట్టి, ఏ పని ఏ సాయంతో భద్రంగా చేయగలరో చూసి సీటు ఇవ్వాలి.