మంచులో బొజ్జన్నకొండ

మన హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మమ్మల్ని అనకాపల్లి దగ్గర శంకరం గ్రామంలో ఉన్న బొజ్జన్నకొండకు తీసుకెళ్లారు. పులిహోర పొట్లాలు తిన్నాం, గుహల్లో దాగుడుమూతలు ఆడుకున్నాం, తిరిగి వచ్చేశాం. ఏం చూశామో మాకు తెలియలేదు. మొన్నటి సంక్రాంతి సెలవులకు ఆనాటి బ్యాచ్‌లో నలుగురం కలిసి మళ్లీ వెళ్లాం. ఇప్పుడు మేమంతా పీజీ చదువుతున్నాం. నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ పూర్తిచేసిన మొదటివాళ్లం మేమే. ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆ కొండే గుర్తుకొచ్చింది.

కొండ కనబడలేదు

అనకాపల్లి నుంచి శంకరం మూడు కిలోమీటర్ల దూరం. తెల్లవారుజామునే నడిచి బయలుదేరాం. దారికి రెండు పక్కలా చెరకు తోటలు ఉన్నా మంచులో పది అడుగుల అవతల ఏమీ కనబడలేదు. ఆకాశం నిర్మలంగా, గాలి కదలకుండా ఉన్న చలికాలపు రాత్రుల్లో నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. దానిని ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది. పొలాల తడి వల్ల ఆ గాలిలో ఉన్న ఆవిరి సన్నని నీటి బిందువులుగా మారుతుంది. అదే పొగమంచు. కిలోమీటరు లోపలి వస్తువులే కనబడే స్థితి ఉంటే వాతావరణ శాస్త్రంలో దానిని పొగమంచు అంటారు. ఎండ తగిలి నేల వేడెక్కితే అది విడిపోతుంది.

కొండ మొదట్లో నిలబడినా పైన ఏముందో తెలియలేదు. ఒక్కొక్క మెట్టే కనబడుతూ వచ్చింది. ఆ రోజు మేము కొండను తొందరపడి చూడలేకపోవడమే మంచిదైంది.

పేరులోనే చరిత్ర

ఇక్కడ రెండు కొండలున్నాయి. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలమెట్ట. బుద్ధుని కొండే వాడుకలో బొజ్జన్నకొండ అయిందనీ, బౌద్ధ సంఘారామం శంకరం అయిందనీ చెబుతారు. లింగాలమెట్ట మీద వరుసలుగా ఉన్న చిన్న చిన్న రాతి స్తూపాలు చూడడానికి లింగాల్లా ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది.

అవి మొక్కుబడి స్తూపాలు. వీటిని ఉద్దేశిక స్తూపాలంటారు. బుద్ధుని ధాతువుల మీద కట్టినవి వేరు, ఇవి భక్తులు పుణ్యం కోసం చేయించినవి. రాళ్లు పేర్చి కట్టలేదు, కొండరాతినే చెక్కారు. ఇల్లు కట్టేవాడు కింద నుంచి పైకి కడతాడు. ఇలాంటి స్తూపాన్ని చెక్కేవాడు పై నుంచి కిందకు దిగుతాడు. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే అతికించడానికి వీలుండదు.

బొజ్జన్నకొండలోని పెద్ద గుహ రెండు అంతస్తులది. ద్వారానికి అటూ ఇటూ ద్వారపాలకులు ఉంటారు. లోపల 16 స్తంభాల వరసలు, నడుమ రాతిలోనే మలచిన స్తూపం. స్తంభాల్లో కొన్ని విరిగిపోయాయి. కొండపైన పెద్ద స్తూపం, ఇటుకలతో కట్టిన విహారాల పునాదులు ఉన్నాయి. క్రీ.శ. 4 నుంచి 9వ శతాబ్దం వరకు ఇది బౌద్ధ క్షేత్రంగా ఉందని చరిత్రకారుల అంచనా. 1907-08లో అలెగ్జాండర్ రీ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల్లో సముద్రగుప్తుని బంగారు నాణెం, చాళుక్య విష్ణువర్ధనుని రాగి నాణేలు దొరికాయి.

అదీ ఒక హాస్టలే

విహారం అంటే భిక్షువుల వసతి గృహం. చిన్న చిన్న గదులు, అందరికీ ఒకే నియమం. వానాకాలం మూడు నెలలూ ఒకచోట ఉండి ధ్యానం, చదువు సాగించేవారు. కులం చూడకుండా సంఘంలో చేర్చుకునేవారు. క్షురకుడైన ఉపాలి, వీధులూడ్చే సునీతుడు భిక్షువులయ్యారని బౌద్ధ గ్రంథాలే చెబుతున్నాయి. 1956 అక్టోబరు 14న అంబేద్కర్ గారు నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారని మనమంతా ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా బట్టీపట్టినవాళ్లమే. స్టడీ హాల్లో ఆయన ఫోటో కిందే కూర్చుని చదివాం. ఆ ఫోటోకూ ఈ కొండకూ ఉన్న సంబంధం మాత్రం మాకు అప్పుడు తట్టలేదు.

రాళ్లు విసిరిన చేతులు

కనుమ నాడు ఇక్కడ తీర్థం జరుగుతుంది. ఒకప్పుడు ఆ రోజున వేలమంది వచ్చి, బొజ్జలా ఉన్న ఒక రాతి ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్లతో కొట్టేవారు. ఇంటాక్ సంస్థ వారూ మరికొందరూ ఏళ్ల తరబడి నచ్చజెప్పాక ఆ అలవాటు ఆగింది. మాలో ఒకరి అమ్మమ్మను అడిగితే, "రాకాసి బొజ్జ అనీవోరు నాయినా. మేమూ కొట్టినాం. బుద్దుడని మాకెవులు సెప్పినారు?" అంది. మేమేమీ అనలేకపోయాం.

ఎందుకంటే, గుహలో మేము వెతుకుతున్నది మరొకటి ఉంది. తొమ్మిదో తరగతిలో మేకుతో గోడ మీద మా నలుగురి పేర్లు, కింద హాస్టల్ పేరు చెక్కాం. మంచు వల్ల లోపల చీకటిగా ఉంది. చేత్తో తడుముతూ వెతికాం. అరిగినా, ఇంకా వేలికి తగులుతూనే ఉంది. చెరపాలని చూస్తే రాయి ఇంకా పాడవుతుంది. అలాగే వదిలి వచ్చాం. అమ్మమ్మకు చదువు లేదు, తెలియక కొట్టింది. పాఠంలో బుద్ధుని గురించి చదివి, పరీక్ష రాసి, ఆ చేత్తోనే గీకినవాళ్లం మేము.

రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం ప్రకారం శిక్ష ఉంది. 2010 సవరణతో అది రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అయింది. కానీ మేము ఇది రాస్తున్నది చట్టానికి భయపడి కాదు. ఆ స్తూపాలు చెక్కినవారెవరూ మనకు పేరుతో తెలియరు. ఏ పనీ చేయని మా పేర్లు మాత్రం అక్కడున్నాయి.

మేము దిగేసరికి ఎండ వచ్చింది. వెనక్కి తిరిగితే కొండంతా స్పష్టంగా కనబడింది. తమ్ముళ్లూ, మీరు తప్పక వెళ్లండి. వెళ్లేముందు పాఠం ఒకసారి చదవండి. నోటుపుస్తకం పట్టుకెళ్లండి, మేకు వద్దు. ఇంటికి వచ్చాక చూసింది అమ్మమ్మలకు, తాతలకు చెప్పండి. వాళ్లకు చెప్పాల్సిన మొదటి చదువరులం మనమే.