పెద్దకర్మ అయిన మర్నాడు

ఇలా జరిగిందనుకోండి.

ఒంగోలు వైపు ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక సంసారం. మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ముసలి అత్త. కష్టపడి కొనుక్కున్న రెండెకరాల పొలం. పొలంలో బోరు. ఒకరోజు తెల్లవారుజామునే ఆయన చద్దన్నం తిని పొలానికి వెళ్ళాడు. నీళ్ళు పెట్టి గంటలో వస్తానన్నాడు. తడి చేత్తో స్టార్టరు పెట్టె ముట్టుకున్నాడు. కరెంటు కొట్టింది. పక్క పొలం వాళ్ళు ఆటోలో వేసుకుని జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయారు. దారిలో ఊపిరి ఉంది. ఆసుపత్రికి చేరాక పోయింది.

ఆమెకు ముప్పై రెండేళ్ళు. పొద్దున ఉన్న సంసారం మధ్యాహ్నానికి లేదు.

అలాంటప్పుడు ఏ ఆడమనిషికైనా చేతులు కాళ్ళు ఆడవు. ఏడుస్తుంది. అన్నం ముట్టదు. నిద్ర పట్టదు. అది తప్పు కాదు. ఏడవనివ్వాలి. కానీ అదే రోజుల్లో కొన్ని కాగితాల పనులు కూడా మొదలవుతాయి. అవి ఆమె కన్నీళ్ళు ఆరేదాకా ఆగవు. ఆమె తరఫున ఎవరో ఒకరు చూస్తారులే అనుకుంటే, ఆ ఎవరో ఒకరు తమ సంగతి కూడా చూసుకోవచ్చు.

మొదటి గొడవ ఆసుపత్రిలోనే వస్తుంది. ఇది ప్రమాదం కాబట్టి పోలీసులు వస్తారు. పంచనామా రాస్తారు. శవానికి పోస్టుమార్టం చేయాలంటారు. "వాణ్ణి కోయొద్దు నాయనా, ఇంటికి తీసుకుపోదాం" అని అత్త నేల మీద పడి ఏడుస్తుంది. కన్నతల్లి కదా, ఆమెను తప్పు పట్టడానికి లేదు. కానీ పోలీసుల ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు లేకపోతే కరెంటు దెబ్బకు పోయాడని రేపు ఎవరూ నమ్మరు. ప్రమాద బీమా రాదు. లైను తెగి పడడం లాంటి తప్పు కరెంటు శాఖ వైపు ఉంటే నష్టపరిహారం అడిగే హక్కుంది. రుజువు లేకపోతే ఆ హక్కు కూడా పోతుంది. ఈ మాట అత్తకు నెమ్మదిగా చెప్పేవాళ్ళు ఒక్కరుండాలి. చాలాసార్లు ఆ ఒక్కరే ఉండరు. హడావుడిగా దహనం చేసేస్తారు. ఆరు నెలల తర్వాత బ్యాంకువాళ్ళు ఆ కాగితం అడిగితే తెల్లమొహం వేస్తారు.

మరణ ధ్రువపత్రం

అన్నిటికీ మొదటి కాగితం ఇదే. దీన్నే డెత్ సర్టిఫికెట్ అంటారు. పింఛనుకు ఇది కావాలి. బ్యాంకులో ఇది కావాలి. పొలం పేరు మార్చాలంటే ఇది కావాలి. ఇది లేకపోతే పోయిన మనిషి కాగితాల్లో బతికే ఉంటాడు.

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. దాని ప్రకారం మనిషి పోయిన 21 రోజుల లోపు ఆ సంగతి రాయించాలి. ఇంట్లో పోతే ఇంటివాళ్ళే ఊళ్ళో పంచాయతీ కార్యదర్శి దగ్గర రాయించాలి. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివాళ్ళు రాసి పంపుతారు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. చావును ఏ ఊళ్ళో జరిగితే ఆ ఊళ్ళోనే నమోదు చేస్తారు. సొంత ఊళ్ళో కాదు. మన కథలో ఆయన పట్నం ఆసుపత్రిలో పోయాడు. కాబట్టి పత్రం ఆ పట్నంలోనే వస్తుంది. ఊరి పంచాయతీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా చెప్పుల అరుగుదలే.

పేరు కూడా చూసుకోవాలి. ఆధార్ కార్డులో వెంకటేశ్వర్లు అని ఉంటుంది. ఆసుపత్రి చీటీలో తొందరలో వెంకటేశ్వరరావు అని రాస్తారు. ఊళ్ళో అందరికీ ఆయన వెంకటేశే. ఆఫీసుకు మాత్రం వాళ్ళు ఇద్దరు మనుషులు. పత్రం చేతికి రాగానే పేరు, తండ్రి పేరు, తేదీ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదవాలి. తప్పుంటే అప్పుడే దిద్దించాలి.

21 రోజులు దాటితే పని అసలే కాదని కాదు. నెల లోపయితే ఆలస్య రుసుము కడితే సరిపోతుంది. నెల దాటితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆలస్యం అయ్యేకొద్దీ తిరుగుడు ఎక్కువ.

పదకొండో రోజో పన్నెండో రోజో పెద్దకర్మ అవుతుంది. అప్పటిదాకా మైల అంటారు, ఆడమనిషి గడప దాటకూడదంటారు. కొన్ని ఇళ్ళల్లో ఆ తర్వాత కూడా నెలల తరబడి మూల కూర్చోబెడతారు. పన్నెండు రోజులు పోయినా చేతిలో ఇంకా తొమ్మిది రోజులు ఉంటాయి. తమ్ముడో, పొదుపు సంఘంలో తోటి మనిషో తోడు వస్తే పని అయిపోతుంది. బొట్టు తీయాలని, గాజులు పగలగొట్టాలని ఏ చట్టంలోనూ రాసి లేదు. పెట్టుకోవడం, మానడం ఆమె ఇష్టం.

పాస్ పుస్తకంలో రెండు అంకెలు

ఆయనకు బ్యాంకులో ఖాతా ఉంది. ఖాతాలో పెద్దగా డబ్బు లేదు. అయినా ఆ పాస్ పుస్తకం ఒకసారి తిరగెయ్యాలి. మాటలు ఇంగ్లీషులో ఉంటాయి, అర్థం కాకపోవచ్చు. అంకెలు చదవగలిగితే చాలు. ప్రతి ఏడూ మే నెలాఖరులోనో జూన్‌లోనో 436 రూపాయలు తగ్గాయా? 20 రూపాయలు తగ్గాయా? తగ్గితే అవి బీమా డబ్బులు కావచ్చు.

2015లో కేంద్ర ప్రభుత్వం రెండు బీమాలు పెట్టింది. జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు కోస్తారు. 2022 జూన్‌కు ముందు 330 కోసేవారు. దీనిలో మనిషి జబ్బుతో పోయినా, ప్రమాదంలో పోయినా ఇంటివాళ్ళకు 2 లక్షలు వస్తాయి. సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. ఇది ప్రమాదానికి మాత్రమే. దీనికీ 2 లక్షలే. రెండూ ఉన్న మనిషి కరెంటు దెబ్బకు పోతే 4 లక్షలు రావాలి. ఖాతా తెరిచేటప్పుడు బ్యాంకులో ఎవరో ఒక కాగితం మీద సంతకం పెట్టమని ఉంటారు, ఆయన పెట్టి ఉంటాడు. ఇంట్లో చెప్పి ఉండడు. అలా అడిగేవాళ్ళు లేక ఆ డబ్బు ఉండిపోతుంది. అందుకే నెల లోపలే బ్యాంకుకు వెళ్ళి, "మా ఆయనకు బీమా ఉందా?" అని అడగాలి. క్లెయిము ఫారం అక్కడే ఇస్తారు.

తెలంగాణలో రైతు పేరు మీద పట్టా భూమి ఉంటే రైతుబీమా సంగతి కూడా అడగాలి. అది 2018లో మొదలైంది. 59 ఏళ్ళ లోపు రైతు ఏ కారణంతో పోయినా 5 లక్షలు ఇచ్చేలా పెట్టారు.

డబ్బు నామినీ పేరున వస్తుంది. నామినీ అంటే, నాకేమైనా అయితే ఈ మనిషికి ఇవ్వండి అని ముందే రాయించిన పేరు. పెళ్ళికి ముందు తల్లి పేరు రాయించి, పెళ్ళయ్యాక మార్చడం మరిచిపోయిన మగవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. అత్తా కోడళ్ళు కలిసి ఉంటే సరే. లేకపోతే అక్కడే కొట్లాట. ఈ పుస్తకం చదువుతున్న ఆడవాళ్ళలో ఎక్కువమంది భర్తలు నిండు నూరేళ్ళూ బతుకుతారు. అయినా ఈ సాయంత్రం పాస్ పుస్తకం తీసి, నామినీ ఎవరని ఒక మాట అడిగితే అపశకునమేమీ కాదు.

అప్పులవాడు

పెద్దకర్మ భోజనాలు అయిన మర్నాడు ఒకాయన వస్తాడు. అరుగు మీద కూర్చుంటాడు. "మీ ఆయన నా దగ్గర లక్షన్నర తీసుకున్నాడమ్మా, నోటు ఉంది" అంటాడు. నోటు చూపిస్తాడు. "పాతదైపోయింది. నువ్వు కొత్త నోటు రాసిచ్చెయ్. నిదానంగా తీర్చుకో, తొందరేం లేదు" అంటాడు. మంచిగానే మాట్లాడతాడు.

ఈ చోట ఆగాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే అది ఇదే కావాలి.

భర్త చేసిన అప్పును భర్త విడిచిపెట్టిన ఆస్తిలోంచి రాబట్టుకోవచ్చు. అంతకు మించి భార్య కూలి డబ్బులోంచో, పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారంలోంచో ఇమ్మనే హక్కు అప్పిచ్చినవాడికి లేదు. కానీ ఆమె కొత్త నోటు మీద సంతకం పెట్టిందంటే, అది ఆయన అప్పు కాదు, ఆమె సొంత అప్పు అయిపోతుంది. అప్పటినుంచి ఆమె మెడకే చుట్టుకుంటుంది.

అందుకని ముందు పాత నోటు అడిగి చదవాలి. తేదీ ఎప్పటిది? మొత్తం ఎంత? సంతకం ఆయనదేనా? ప్రామిసరీ నోటుకు మూడేళ్ళ గడువు. మధ్యలో కొంత కట్టి వెనక రాసి సంతకం పెట్టినా, తిరగరాసినా గడువు మళ్ళీ పెరుగుతుంది. ఏమీ లేకుండా మూడేళ్ళు దాటిపోయిన నోటు కోర్టులో నిలవదు. కొత్త నోటు రాయమనడానికి చాలాసార్లు కారణం ఇదే. అయితే భర్తతోపాటు ఆమె కూడా అప్పు కాగితం మీద సంతకం పెట్టి ఉంటే, జామీను ఉండి ఉంటే ఆమె తప్పించుకోలేదు. నిజంగా తీసుకున్న అప్పు తీర్చాలనే ఎక్కువమంది ఆడవాళ్ళు అనుకుంటారు. తీర్చవచ్చు. తీర్చేటప్పుడు రసీదు తీసుకోవాలి. అంతేగాని ఏడుపు కళ్ళతో, చదవకుండా సంతకం పెట్టకూడదు. "మా అన్నను అడిగి చెప్తాను, వారం ఆగండి" అంటే చాలు. నిజమైన అప్పు వారంలో ఎక్కడికీ పోదు.

రెండెకరాల లెక్క

అప్పులవాడు పోయాక మరిది వస్తాడు. "వదినా, పొలం నీకెందుకు? నేను చేసుకుని గింజలు పంపిస్తా. ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్" అంటాడు. వదినకు సంతకం వచ్చిన సంగతి ఆయనకింకా తెలియదు.

హిందువులకు 1956 నాటి వారసత్వ చట్టం ఉంది. వీలునామా రాయకుండా పోయిన మనిషి సొంత ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, కన్నతల్లికి తలా ఒక సమాన భాగం. మన కథలో భార్య, కొడుకు, కూతురు, అత్త. నలుగురు. రెండెకరాలంటే 200 సెంట్లు. తలా 50 సెంట్లు. కూతురికి పెళ్ళయినా వాటా పోదు. తమ్ముడికి ఇందులో ఏమీ లేదు. తాత ముత్తాతల నుంచి వచ్చిన భూమి అయితే లెక్క వేరుగా ఉంటుంది, అక్కడా భార్యకు వాటా ఉంది. ముస్లిములకు, క్రైస్తవులకు చట్టాలు వేరు. వాటిలో కూడా భార్యను పూర్తిగా తీసెయ్యలేదు.

పిల్లలు మైనర్లయితే వాళ్ళ వాటాను తల్లి చూసుకుంటుంది. కానీ కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. ఎవరైనా తొందరపెట్టి కొంటామంటే ఈ మాట చెప్పవచ్చు.

పొలం పేరు మార్చుకోవడానికి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. దాన్ని తహసీల్దారు ఇస్తారు. అది, మరణ పత్రం, పట్టాదారు పాస్ పుస్తకం పెట్టుకుని పేరు మార్పుకు అర్జీ పెట్టుకోవాలి. తగాదా వస్తే భయపడనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకు, డబ్బున్నా లేకపోయినా, వకీలును ఉచితంగా పెడతారు. కోర్టు ఆవరణలో న్యాయ సేవల కమిటీ ఎక్కడని అడగాలి. ఫోను నంబరు 15100.

పింఛను సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి రెండు ముక్కలు చాలు. 18 ఏళ్ళు దాటిన వితంతువు అర్జీ పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో దాన్ని 4,000 రూపాయలు చేశారు. తెలంగాణలో 2019లో 2,016 చేశారు. అర్జీ పెట్టిన మర్నాడే రాదు. మంజూరయ్యేదాకా అడుగుతూ ఉండాలి. పేద కుటుంబంలో సంపాదించే మనిషి 60 ఏళ్ళ లోపు పోతే ఒక్కసారిగా 20,000 ఇచ్చే కేంద్ర పథకం కూడా ఉంది. తహసీల్దారు కార్యాలయంలో దాని గురించి కూడా అడగాలి.

మళ్ళీ పెళ్ళి మాట

దీన్ని ఎవరూ పైకి అనరు. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించాడు. అప్పట్లో ఆయన్ను వెలివేసినవాళ్ళున్నారు. ఇప్పుడు చట్టం అడ్డం లేదు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నా మొదటి భర్త నుంచి వచ్చిన వాటా ఆమెదే. పింఛను మాత్రం ఆగిపోతుంది. మన కథలో ఆమెకు ప్రస్తుతం ఆ ఆలోచన లేదు. రేపు ఉండవచ్చు, లేకపోవచ్చు.

ఆమె ముందున్న పని పొలం. మరిది చేత చేయించాలా, కౌలుకివ్వాలా, తనే చేయాలా అని నెలరోజులు ఆలోచించింది. అత్తను అడిగింది. "నా యాభై సెంట్లు కూడా నువ్వే చెయ్యి" అంది అత్త. దుక్కికి ట్రాక్టరు మాట్లాడుకుంది. విత్తనాల కొట్లో ఇంతకుముందు ఆయన పద్దు ఉండేది. ఇప్పుడు తన పేరున రాయించుకుంది. అన్నీ కుదిరాయి గానీ బోరు దగ్గరికి పోవడానికి మాత్రం కాళ్ళు రాలేదు. మూడుసార్లు గట్టు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

నాలుగోసారి కరెంటు పని తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్ళింది. స్టార్టరు పెట్టెకు ఎర్తు వైరు లేదని ఆయన చూపించాడు. వైరు వేయించింది. పెట్టె కింద ఎండు చెక్క వేయించింది. తర్వాత పిల్లవాడి రంగు డబ్బా తెచ్చి, పెట్టె మూత మీద తనే రాసింది. మొదట "చెయి" అని రాసి, చెరిపి దిద్దింది. ఆ దారిన పోయే కూలీలు ఆ అక్షరాలు చదువుకుంటూ పోతారు.

తడి చెయ్యి పెట్టవద్దు.