నర్సమ్మకు మళ్ళీ చదువెందుకు?



"మన నర్సమ్మ శిక్షణకు వెళ్ళింది" అన్న మాట మీరు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. "ఇన్నేళ్ళుగా సూదులు వేస్తున్న మనిషికి ఇంకా నేర్చుకునేదేముంది?" అని మీకు తోచవచ్చు. ఉన్నది. అది మీ బిడ్డ ప్రాణానికి సంబంధించిన సంగతి.

మన దేశంలో పిల్లల టీకాల కార్యక్రమం 1978లో మొదలైంది. అప్పటినుంచి టీకాలు ఎన్నో మారాయి. ఒకప్పుడు సిరంజిని మరగబెట్టి మళ్ళీ వాడేవారు. ఇప్పుడు ఒక బిడ్డకు వాడిన సిరంజి బిగుసుకుపోతుంది, ఇంకో బిడ్డకు పనిచేయదు. ఒకప్పటి సూది కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, ఈ మూడింటినే ఆపేది. ఇప్పటి పెంటావాలెంట్ సూది వాటితోపాటు హెపటైటిస్-బి కామెర్లను, హిబ్ అనే క్రిమి తెచ్చే న్యుమోనియాను కూడా ఆపుతుంది. 2016 ఏప్రిల్ 25న పోలియో చుక్కల మందును దేశమంతటా ఒకేసారి మార్చారు. 2017లో మన తెలుగు రాష్ట్రాల్లో తట్టు-రుబెల్లా టీకా వచ్చింది. ఇవన్నీ నర్సమ్మ ఎప్పుడో చదివిన పుస్తకంలో లేవు.

మందును కాపాడటం కూడా ఒక విద్యే. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. వేడి తగిలితే చెడుతుంది. చల్లగా ఉంటే చాలనుకోకండి, పెంటావాలెంట్ గడ్డకడితే అదీ పనికిరాదు. అందుకే ఐసు ప్యాకులను ఫ్రీజరులోంచి తీసిన వెంటనే మందుల పెట్టెలో పెట్టరాదు. వాటిపైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినబడేదాకా ఆగాలి. తట్టు-రుబెల్లా మందు కలిపిన 4 గంటల తర్వాత మిగిలినది వాడకూడదు. చెడిన మందు వేసినా బిడ్డ మామూలుగానే ఏడుస్తుంది. మీరూ టీకా అయిందనే నిశ్చింతగా ఇంటికి వెళ్తారు. కాని బిడ్డకు రక్షణ ఉండదు. అందుకే ఈ జాగ్రత్తలు నర్సమ్మకు మళ్ళీ మళ్ళీ గుర్తుచేయాలి.

ఇక మూడోది, మాట. ఒక ఊళ్ళో ఒక తల్లి మొదటి సూదికి బిడ్డకు జ్వరం వచ్చిందని మిగతావి మానేసింది. జ్వరం రావచ్చని ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు. తప్పు ఆ తల్లిది కాదు. శిక్షణ పొంది వచ్చిన కొత్త నర్సమ్మ ఇంటికి వెళ్ళి, విసుక్కోకుండా కూర్చుని మాట్లాడింది. "మళ్ళీ మొదటినుంచి వేయనక్కరలేదమ్మా, ఆగిన చోటినుంచే వేద్దాం" అన్నది. ఆ బిడ్డకు మిగతా సూదులు పూర్తయ్యాయి.

టీకా వేసినప్పుడల్లా నాలుగు మాటలు చెప్పాలని శిక్షణలో నేర్పుతారు. జనం ఎక్కువై ఆమె మరిచిపోతే మీరే అడగండి.

1. ఈ టీకా ఏది? ఏ జబ్బు రాకుండా కాపాడుతుంది?
2. వేసిన తర్వాత ఏమి కావచ్చు? అప్పుడేమి చేయాలి?
3. మళ్ళీ ఎప్పుడు, ఎక్కడికి రావాలి?
4. కార్డులో రాశారా? (దాన్ని భద్రపరచి, ప్రతిసారీ తీసుకురండి.)

టీకా వేయించిన తర్వాత అరగంట అక్కడే కూర్చోండి. కొద్దిపాటి జ్వరం, సూది వేసిన చోట వాపు వస్తే భయపడకండి. జ్వరం మందు నర్సమ్మ చెప్పినంతే వేయండి. వాపు మీద పసుపు, ఆకు పసరు రాయకండి. జ్వరం ఎక్కువైనా, ఏడుపు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయక ఆరోగ్య కేంద్రానికి తీసుకురండి. కాస్త జలుబు చేసిందని టీకా మానకండి.

అయ్యా, ఇది తల్లి ఒక్కదాని పని కాదు. తేదీ మీరూ గుర్తుంచుకోండి. పొలం పని ఉన్నా ఆ పూట తోడు వెళ్ళండి. కన్నది ఒకరినైనా, ఇద్దరినైనా ఆ బిడ్డలు బతికి బట్టకట్టాలి గదా!

నర్సమ్మ నేర్చుకుంటున్నది మీ బిడ్డ కోసమే. ఆమె చెబితే వినండి, చెప్పకపోతే అడగండి.